పత్తి బండి దాటిన గట్టు: సోషలిజమా, పెట్టుబడిదారీ విధానమా?

మహారాష్ట్రకూ తెలంగాణకూ సరిహద్దైన పెన్‌గంగ నదికి అటూ ఇటూ ఒకప్పుడు పత్తి దొంగచాటుగా నడిచేది. సొంత చేన్లో పండిన పంటను రైతు దొంగచాటుగా అమ్ముకోవడమేంటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. మహారాష్ట్రలో 1971లో ఒక చట్టం చేశారు. 1972-73 సీజన్ నుంచి రైతు తన పత్తిని ప్రభుత్వానికే అమ్మాలి, వ్యాపారి కొనడానికి వీల్లేదు. నది దాటితే ఆదిలాబాద్ జిల్లా. అక్కడ అడ్తిదారు అనే కమీషన్ వ్యాపారికైనా, జిన్నింగ్ మిల్లుకైనా, కేంద్ర ప్రభుత్వ కాటన్ కార్పొరేషన్ (సీసీఐ)కైనా ఎవరు ఎక్కువిస్తే వాళ్లకు అమ్ముకోవచ్చు. ఆదిలాబాద్ యార్డులో ధర బాగున్న ఏడు మహారాష్ట్ర వైపున్న కిన్వట్, రాజురా, పాండర్‌కవడ పత్తి చీకట్లో అటు దాటేది. మహారాష్ట్ర హామీ ధర బాగున్న ఏడు ఆదిలాబాద్ పత్తి ఇటు వచ్చి, ఇక్కడి రైతు పేరు మీద తూకమయ్యేది. సిద్ధాంతాల మీద మన జనానికున్న గౌరవం అంతవరకే. క్వింటాల్‌కు వంద ఎక్కువొచ్చే వైపు బండి తిరుగుతుంది.

సోషలిజం మంచి సమాజాన్ని ఇస్తుందా, పెట్టుబడిదారీ విధానం ఇస్తుందా అన్న వాదన ఎక్కడ మొదలైనా చివరికి రష్యాలోనో అమెరికాలోనో తేలుతుంది. మాకు అంత దూరం పోయే పనిలేదు. రాజురా, కిన్వట్ తాలూకాలు 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనప్పుడు రెండూ నాందేడ్‌కు వచ్చాయి, 1959లో రాజురా చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాకు మారింది. గట్టుకు రెండు వైపులా అదే నల్లరేగడి, అవే ఇంటిపేర్లు, అవే వియ్యాలు. మారింది చట్టం ఒక్కటే. రెండు వ్యవస్థలను పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. భూమి, గని, ఫ్యాక్టరీ లాంటివి సొంతదారుల చేతిలో ఉండి, లాభం కోసం నడుస్తూ, ధరను మార్కెట్ తేలిస్తే అది పెట్టుబడిదారీ విధానం. అవి సమాజం చేతిలో, ఆచరణలో ఎక్కువగా ప్రభుత్వం చేతిలో ఉండి, ఏది ఎంత తయారవ్వాలో, ఎవరికెంత అందాలో ప్లాన్ తేలిస్తే సోషలిజం. చదువుకునే పుస్తకాల్లో ఇంతే ఉంటుంది. కానీ ఈ వాదనలో మూడు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి: యజమాని ఎవరు, ధర ఎవరు పెడతారు, నష్టం వస్తే ఎవరి మీద పడుతుంది. పార్టీలన్నీ మొదటి ప్రశ్న దగ్గరే కొట్టుకుంటాయి. నా లెక్కలో మూడోదే అసలు ప్రశ్న. దానికి ఇంకొకటి తోడు: నష్టం మోసేవాడు లెక్కల పుస్తకం తెరిపించి చూడగలడా?

పత్తి సంగతే పూర్తిగా చూద్దాం. రెండు పక్షాల వాదనలూ ముప్పై ఏళ్లపాటు ఇక్కడి నేల మీద నడిచింది అందులోనే.

ఆ చట్టం ఊరికే రాలేదు. విత్తనానికి అప్పిచ్చిన సావుకారే పంట కొనేవాడు. దీపావళి చుట్టుపక్కల అందరి పత్తీ ఒకేసారి ఇంటికొస్తుంది. దాచుకోవడానికి చిన్న రైతుకు చోటుండదు, అప్పులవాళ్లు ఆగనివ్వరు. ధర సరిగ్గా అప్పుడే పడేది. సంక్రాంతి దాటాక లేచేది గానీ, అప్పటికి పత్తి వ్యాపారి గోదాములో ఉండేది. తరుగు, అడ్తి, హమాలీ పోను చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ ఉందన్న మాటే గానీ, అప్పున్నవాడికి ఆ స్వేచ్ఛ కాగితం మీదే. వసంతరావ్ నాయక్ ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం దీనికి కనిపెట్టిన మందు ఏమంటే, కొనేవాడు ఒక్కడే ఉండాలి, అది ప్రభుత్వం తరఫున సహకార మార్కెటింగ్ ఫెడరేషన్ అయి ఉండాలి. రైతుకు హామీ ధర ముందే తెలుస్తుంది. బేళ్లు మిల్లులకు అమ్మాక మిగిలింది రైతుకే బోనస్‌గా వస్తుంది. కొంత భాగం చెడ్డ ఏళ్ల కోసం నిధిలో పడుతుంది.

ఇందులో తప్పు పట్టడానికేమీ కనిపించదు. ధరలు నిలకడగా ఉన్న ఏళ్లలో పథకం రైతును నిజంగానే కాపాడింది. బోనస్ పైసలతో పెళ్లి చేశామని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మరి చీకట్లో బండ్లు ఎందుకు కదిలాయి?

మొదటి కారణం ధరలోనే ఉంది. ధర అంటే చెల్లింపు ఒక్కటే అనుకుంటాం. 1945లో హాయెక్ అనే ఆస్ట్రియా ఆర్థికవేత్త, ధర ఒక కబురు అని వాదించాడు. ఏ మిల్లుకు ఇవాళ ఎంత దూది కావాలి, ఏ దేశంలో పంట పోయింది, ఏ ఓడ ఆలస్యమైంది అన్నవన్నీ ఒక్క మనిషికి తెలియవు, ఒక్క ఆఫీసుకూ తెలియవు. వేల మంది దగ్గర ముక్కలుగా ఉన్న ఆ సంగతులు ధర కదలికలో కలుస్తాయి. ముంబైలో ఒకసారి ప్రకటించిన ధర సీజనంతా కదలదు. ఆదిలాబాద్ యార్డులో ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. రెండింటి మధ్య తేడా వచ్చినప్పుడల్లా ఆ తేడాలోంచి పత్తి పారుతుంది, చెక్‌పోస్టు దాన్ని ఆపలేదు. ఈ విషయంలో హాయెక్ వాదనకు నేను తలూపుతాను. కాకపోతే పెద్ద కంపెనీ లోపల మార్కెట్ ఉండదన్న సంగతి ఆయన అభిమానులు మర్చిపోతారు. లక్ష మంది పనిచేసే కంపెనీలో ఏ విభాగం ఏం చేయాలో హెడ్డాఫీసు ప్లాన్ వేస్తుంది, కింది నుంచి బేరం ఉండదు. ప్లానింగ్ పనికిరాదంటే ముందు ఆ కంపెనీలే మూతపడాలి.

రెండో కారణం గురించి సిద్ధాంతాలవాళ్లు తక్కువ మాట్లాడతారు. ఫెడరేషన్ పైసలిచ్చేటప్పుడే సహకార సంఘం అప్పు కోసేసుకునేది. బ్యాంకుకు ఇది బాగుంటుంది. ఇంట్లో ఆస్పత్రి ఖర్చో, పిల్ల పెళ్లో ఉన్న రైతుకు మాత్రం చేతికొచ్చేది చిట్టీ ఒక్కటే. పైగా ఆ పైసలు రావడానికి కూడా నెలలు ఆగాలి. అందుకే ధర కొంచెం తక్కువైనా సరే, నది అవతల నగదు ఇచ్చేవాడికి అమ్మినవాళ్లున్నారు. అది లాభం కోసం చేసిన స్మగ్లింగ్ కాదు, చేతిలో నాలుగు పైసలు ఆడటం కోసం. ఒక్కడే కొనేవాడున్నప్పుడు, ఆ ఒక్కడితో పొసగని మనిషి ఎక్కడికి పోవాలి?

మూడో కారణం ఖజానా. 1990ల చివర్లో మహారాష్ట్ర ప్రభుత్వం కేంద్రం మద్దతు ధర కంటే పైన ధర ప్రకటిస్తూ పోయింది. ఎలక్షన్లలో పత్తి రైతు ఓటు బరువైనది మరి. 2001-02లో ప్రపంచ మార్కెట్లో దూది ధర దారుణంగా పడిపోయింది. ఎక్కువకు కొని తక్కువకు అమ్మిన నష్టం వేల కోట్లకు చేరింది. హంగరీ ఆర్థికవేత్త కోర్నాయ్ సోషలిస్టు దేశాల ఫ్యాక్టరీల గురించి చెప్పింది ఇదే: నష్టం వస్తే పైనున్న సర్కారు పూడుస్తుందన్న ధీమా ఉన్నచోట ఎవరూ ఖర్చు లెక్క చూడరు. ఫెడరేషన్ గోదాముల్లో ఆ ధీమా నిండుగా ఉండేది. నష్టం ఎక్కడ వచ్చిందో, గ్రేడ్‌లోనా, జిన్నింగ్‌లోనా, అమ్మకంలోనా, రైతుకు ఎవరూ చెప్పలేదు. ఆ సంస్థ మాత్రం రైతుల పేరు మీదున్న సహకార సంస్థే.

2002-03 నాటికి గుత్తాధిపత్యం ముగిసింది, వ్యాపారులు మళ్లీ వచ్చారు. కథ ఇక్కడితో ఆగితే మార్కెట్ పక్షం గెలిచిందని రాసుకోవచ్చు. కానీ అదే 2002 మార్చిలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి కేంద్రం అనుమతి వచ్చింది. ఒక చేత్తో సర్కారు గుత్త కొనుగోలు పోయింది, ఇంకో చేత్తో ఒక కంపెనీ టెక్నాలజీ గుత్తాధిపత్యం వచ్చింది. 450 గ్రాముల విత్తన ప్యాకెట్ 1,600 నుంచి 1,850 రూపాయలదాకా అమ్మారు. అందులో పెద్ద భాగం మహికో-మోన్శాంటోకు చేరే టెక్నాలజీ రుసుమే. దాని మీద 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు పోయింది హైదరాబాద్‌లోని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఆ తర్వాత ప్యాకెట్ 750కి దిగింది. అంటే మార్కెట్ ధరను కిందికి దింపింది మార్కెట్ కాదు, ఒక రాష్ట్ర ప్రభుత్వం. పోటీ లేనిచోట ప్రైవేటు కంపెనీ ఎంత అడిగితే అంత ఇవ్వాల్సిందే. సర్కారు గుత్తాధిపత్యం కింద అవస్థ పడ్డ రైతుకు అందులో కొత్త ఏముంది?

ఆ మధ్య ఏళ్లలోనే యవత్మాల్, వార్ధా వైపు రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిశాయి. 2006 జులైలో ప్రధాని మన్మోహన్ సింగ్ విదర్భలోని ఆరు జిల్లాలకు 3,750 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. మార్కెట్‌ను నమ్ముకున్నామన్నా, నష్టం మితిమీరినప్పుడు పిలిచింది సర్కారునే. ఇది మన దగ్గరే అనుకోకండి. స్వేచ్ఛా మార్కెట్‌కు పుట్టిల్లు అనిపించుకునే అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి గెలిచింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చి ఆ గొడవ తెంచుకుంది. తన రైతు నష్టాన్ని ఖజానా మీద వేసుకున్న దేశం, ఆ నష్టాన్నే ధర రూపంలో ఆఫ్రికా మీదికీ, విదర్భ మీదికీ తోసింది.

ఇప్పుడు సీసీఐ కేంద్రం గేటు దగ్గరికి రండి. నవంబరు మంచులో తెచ్చిన పత్తిలో ఉద్యోగి తేమ మీటరు గుచ్చుతాడు. 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర. 8 నుంచి 12 మధ్య శాతానికింత కోత. 12 దాటితే కొనరు.

"పదమూడు చూపిస్తుంది కాకా. ఎండబెట్టుకొని ఎల్లుండి తీసుకురా."

"ఎల్లుండి దాకా బండి కిరాయి ఎవరిస్తరు బిడ్డా?"

గేటు బయట చెట్టు కింద కుర్చీ వేసుకున్న వ్యాపారి దగ్గర మీటరు లేదు. చేత్తో పిడికెడు తీసి పిండి చూస్తాడు, క్వింటాల్‌కు కొన్ని వందలు తగ్గించి చెప్తాడు, నగదు అక్కడే ఇస్తాడు. ఆ కొన్ని వందలు ఆయనకు ఇచ్చింది సీసీఐ నిబంధనే. కానీ లోపల మద్దతు ధర లేకపోతే బయట ఆయన ఇంకెంత కిందికి దించేవాడో కూడా ఊహించండి. గేటుకు లోపల సోషలిజం, బయట పెట్టుబడిదారీ అని గీత గీయడం కుదరదు, ఒకదాన్ని చూసి ఇంకోటి ధర కడుతుంది. 2025-26కు పొడుగు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. ఆ సీజన్ మొదలయ్యే ముందే కేంద్రం దిగుమతి దూది మీద 11 శాతం సుంకాన్ని డిసెంబరు ఆఖరు దాకా ఎత్తేసింది. మిల్లులకు మేలే జరిగింది. బయటి ధర మద్దతు ధర కంటే కిందికి పోతే ఆ తేడా మోసేది మాత్రం సీసీఐ, సీసీఐ గేటు దాటలేని రైతు.

బొగ్గులో కథ వేరుగా నడిచింది. 1972-73లో బొగ్గు గనులు దాదాపు అన్నిటినీ జాతీయం చేశారు. ప్రైవేటు యజమానులు తేలిగ్గా దొరికే బొగ్గు తవ్వుకొని మిగతాది పాడుచేస్తున్నారని, కూలి ఒప్పందాలు ఖాతరు చేయడం లేదని అప్పటి వాదన. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బల్లార్షా, చాందా, ఘుగ్గుస్, వణి బొగ్గు బాయిల్లో పనికొచ్చిన తెలుగు కుటుంబాలకు క్వార్టర్, ఆస్పత్రి, పీఎఫ్, జీతం ఒప్పందం దొరికాయి. ఒక తరంలో కూలి ఇంటి నుంచి ఇంజనీర్లు వచ్చారు. మా జిల్లాలో సోషలిజం గురించి ఎవరైనా మంచి చెప్పాలంటే ఆ క్వార్టర్లను చూపిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

యాజమాన్యం మారగానే అన్నీ బాగుపడలేదు కూడా. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలో నీళ్లు దూసుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. అప్పటికది ప్రభుత్వ నిర్వహణలో ఉన్న గనే.

ఇప్పుడు ఓపెన్‌కాస్టుల్లో పైమట్టి తీసే ఓబీ పని చాలావరకు కాంట్రాక్టర్లది. ఒకే గుంత, ఒకే దుమ్ము, ఒకే ఎండ. పర్మినెంట్ కార్మికుడికి 2025 దసరాకు కోల్ ఇండియా పనితీరు బోనస్ లక్షా 3 వేలు. పక్కన డంపర్ నడిపే కాంట్రాక్టు డ్రైవర్‌కు అది రాదు. ప్రాణహిత అవతల సింగరేణిలో చూడండి. అది తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సంస్థ. లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే మంచి పద్ధతి అక్కడుంది. 2024లో పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు ఆ ఏడే మొదటిసారి ఇచ్చారు, 5 వేలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఏ వ్యవస్థ మంచిదన్న ప్రశ్న కొంచెం మెలికపడుతుంది. యజమాని ప్రభుత్వమే, లాభం ప్రజలదే. కానీ ప్రజల సంస్థ లోపలే కంచె ఉంది. కంచెకు లోపలున్నవాళ్ల యూనియన్లకు బయటివాళ్ల సంగతి పట్టదు. ఎర్రజెండా యూనియన్లను నేను తక్కువ చేయడం లేదు, ఆ క్వార్టర్లు వాళ్ల పోరాటాలతో వచ్చినవే. అయినా ఓట్లున్న సభ్యుడు పర్మినెంట్ వాడే కదా, లెక్క ఆయన వైపే మొగ్గుతుంది.

ప్రపంచం సంగతి కొంచెం చూసి వద్దాం. సోవియట్ రష్యా ఫ్యాక్టరీలు కట్టింది, అందరికీ అక్షరాలు నేర్పింది. 1932-33లో ధాన్యం బలవంతపు వసూళ్లతో ఉక్రెయిన్, కజక్‌స్థాన్‌లలో లక్షల మందిని ఆకలితో చంపింది కూడా. చైనాలో 1959-61 కరువు అంతకన్నా పెద్దది. అదే చైనా 1978 తర్వాత పొలాలను కుటుంబాలకు అప్పగించి, మిగిలిన పంట అమ్ముకోనిచ్చి పేదరికం తగ్గించింది. పెట్టుబడిదారీ పక్షానికి ఇక్కడ చప్పట్లు కొట్టాలనిపిస్తే 1943 బెంగాల్ కరువును గుర్తు తెచ్చుకోవాలి. అది ప్లానింగ్ కమిషన్ తెచ్చింది కాదు. యుద్ధం, పెరిగిన ధరలు, పట్టని పరాయి పాలన కలిసి లక్షల మందిని బలి తీసుకున్నాయి. ఈ కరువులన్నిటినీ చదివిన అమర్త్య సేన్ పట్టుకున్న సంగతి యాజమాన్యం గురించి కాదు. ఎన్నికలూ స్వేచ్ఛగా రాసే పత్రికలూ ఉన్న దేశంలో పెద్ద కరువు రాలేదని ఆయన చూపించాడు. ఓడిపోతానన్న భయం ఉన్న సర్కారు తిండి పంపుతుంది. కరువు రాకపోయినా, రోజూ పస్తులతో, జబ్బులతో మెల్లగా పోయే ప్రాణాల విషయంలో మన ప్రజాస్వామ్యం చైనా కంటే చాలాకాలం వెనకబడిందని కూడా ఆయనే చెప్పాడు. వార్తగా మారని చావుకు ఎవరూ లెక్క అడగరు.

ఈ రెండు పక్షాల్లో ఏదో ఒకటే పట్టుకోవాలనేవాళ్లకు పీవీ నరసింహారావు ఒక చిక్కు ప్రశ్న. నాగపూర్‌లో లా చదివిన మన మనిషి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా 1972లో భూపరిమితి బిల్లు తెచ్చి భూస్వాములకు శత్రువయ్యాడు. తర్వాత మా విదర్భలోని రామ్‌టెక్ నుంచి రెండుసార్లు ఎంపీ అయ్యాడు. 1991లో ప్రధానిగా లైసెన్సుల రాజ్యాన్ని కూల్చాడు. ఆ భూపరిమితి ఒక పిచ్చి అన్నవాళ్లే ఈ సంస్కరణలకు దండ వేశారు, దాన్ని మెచ్చుకున్నవాళ్లే వీటికి నల్లజెండా పట్టారు. రాజ్యాంగ పీఠికలో 1976లో చేరిన సోషలిస్టు అన్న మాట మాత్రం ఈ గొడవలన్నిటి మధ్యా అక్కడే ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్ని తీసేయక్కర్లేదంది.

ఇక పథకాల సంగతి. 2018లో తెలంగాణ రైతుబంధు మొదలుపెట్టింది, సీజన్‌కు ఎకరానికి 4 వేలు. ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు, రైతుబీమా, పింఛన్లు తోడయ్యాయి. నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి వైపు ఊళ్లు మమ్మల్ని తెలంగాణలో కలపండని తీర్మానాలు మొదలుపెట్టాయి. చుట్టాలింటికి పోయి చూసి వచ్చినవాళ్లకు ఏ సిద్ధాంతమూ చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో రైతుబంధును సోషలిజం అని పొగిడినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. అది ఎలా పంచిందో చూస్తే రెండూ తప్పే అనిపిస్తుంది. ఎకరాల లెక్కన ఇస్తే ఇరవై ఎకరాల ఆసామికి రెండెకరాల రైతుకన్నా పదింతలు వస్తుంది. పట్టా లేని కౌలురైతుకు ఏమీ రాలేదు. పంట నష్టం మోసేది కౌలురైతే. సర్కారు పైసలు ఆస్తిని బట్టి పంచడానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలీదు గానీ, సోషలిజం మాత్రం కాదు. దీనితో పోలిస్తే 1972 కరువులో మహారాష్ట్ర మొదలుపెట్టిన ఉపాధి హామీ నాకు ఎక్కువ నచ్చుతుంది. పని అడిగినవాడికి పని ఇవ్వాలి, దాని ఖర్చులో కొంత పట్నంలో జీతగాళ్లు కట్టే వృత్తి పన్ను నుంచి రావాలి. ఎవరి దగ్గర తీసి ఎవరికి పెడుతున్నారో అందులో దాపరికం లేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన చట్టానికి దారి చూపించింది అదే.

చాందా జిల్లా జివతి తాలూకాలోని పద్నాలుగు ఊళ్ల గురించి చెప్పకపోతే బాగుండదు. ఇవి మావని మహారాష్ట్ర, మావని తెలంగాణ అంటాయి. అక్కడి ఇళ్లల్లో రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. రెండు సర్కార్ల బళ్లు, ఒకటి మరాఠీ, ఒకటి తెలుగు. రెండు రాష్ట్రాల పథకాలూ అందుతుంటే స్వర్గంలా ఉండాలి కదా? చాలామందికి భూమి పట్టా లేదు. పట్టా లేకపోతే పంట రుణం లేదు, రైతుబంధూ రాలేదు. బియ్యం రెండుసార్లు అందుతాయి, దున్నుకునే నేల మీద హక్కు ఒక్కసారైనా రాదు. సొంత ఆస్తి హక్కును పెట్టుబడిదారీ సరుకు అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఈ ఊళ్లల్లో ఒక వారం ఉండి రావాలి. సంక్షేమం ఒక్కటే చాలనుకునేవాళ్లు కూడా.

అడవి వైపు పోతే మూడో దారి ఒకటి కనిపిస్తుంది. అందులోనూ చిక్కులున్నాయి.

బీడీకి చుట్టే తునికాకు వ్యాపారాన్ని 1960ల్లో, 70ల్లో రాష్ట్రాలు ఒక్కొక్కటిగా తమ చేతిలోకి తీసుకున్నాయి. కాంట్రాక్టర్లు గిరిజనులను దోచుకుంటున్నారన్నది కారణం, అది నిజం కూడా. తర్వాత అటవీ శాఖ వేలం వేసేది, కాంట్రాక్టరు కొనేవాడు, ఏరినవాళ్లకు కూలి, ఎప్పుడో బోనస్. యజమాని స్థానంలోకి సర్కారు వచ్చింది గానీ, ఆకు కొనే కల్లం దగ్గర కట్టలు చూసి తీసుకునే కల్లెదారు మారలేదు. ఏప్రిల్, మే ఎండలో తెల్లారకముందే అడవికి పోయి, ఇంటికొచ్చి ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోసుకుపోతే, ఆకు చిరిగిందనో చిన్నదనో పక్కన పడేసే చెయ్యి అదే. వెదురు కథ ఇంకా ముదురు. అటవీ శాఖ వెదురును కాగితం మిల్లులకు లీజుకిచ్చేది, అదే వెదురు ఊరివాడు గుడిసెకు నరికితే కేసు. దీన్ని సోషలిజం అందామా? పెట్టుబడిదారీ అందామా? సర్కారు యజమాని, ప్రైవేటు మిల్లు లబ్ధిదారు, ఊరు పరాయిది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. గడ్చిరోలి జిల్లా ధానోరా తాలూకాలోని మెంఢా లేఖా అనే గోండు ఊరికి 2009లో సామూహిక అటవీ హక్కు దక్కింది. 2011 ఏప్రిల్‌లో వెదురు తరలించే పర్మిట్ పుస్తకమే ఊరి చేతికి వచ్చింది. ఆ ఊళ్లో నిర్ణయాలు మెజారిటీతో కాకుండా అందరూ ఒప్పుకున్నాకే జరుగుతాయి. 2013లో భూములను కూడా గ్రామదానం కింద ఊరి పేరు మీద పెట్టారు. అడవి సర్కారుదీ కాదు, ఒక యజమానిదీ కాదు, ఊరిది. ఉమ్మడి వనరును ఊరు నియమాలు పెట్టుకొని కాపాడుకోగలదని చూపించినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, అది కూడా 2009లోనే.

గడ్చిరోలిలో చాలా గ్రామసభలు తునికాకు కూడా సొంతంగా వేలం వేయడం మొదలుపెట్టాయి. తెలుగు ఎక్కువగా వినిపించే సిరొంచ వైపు కూడా ఆ మాట పాకింది. ఏరినవాళ్లకు కూలితో పాటు రాయల్టీ ఊరికే వస్తుంది. అయితే సొంతంగా అమ్ముకోవడమంటే మార్కెట్లో దిగడమే. 2017 జులైలో జీఎస్టీ వచ్చి బీడీ మీద 28, తునికాకు మీద 18 శాతం పడింది. బీడీ కంపెనీ వెనక్కి తగ్గితే ఆ దెబ్బ నేరుగా కల్లం దాకా వస్తుంది. 2025 సెప్టెంబరులో ఆకు మీద 5 శాతానికి దించారు. ఆ ఎనిమిదేళ్లూ ధర పడితే మోయడానికి ఊరికి సీసీఐ లాంటి ఆసరా లేదు. ఆకు తీసుకుపోయి పైసలు ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ల మీద గ్రామసభలు కలెక్టరేట్ల చుట్టూ తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. పెద్ద కంపెనీతో బేరం ఆడటానికి ఊరికి వకీలు లేడు, అకౌంటెంట్ లేడు, ధర ఎటు పోతుందో చెప్పే మనిషి లేడు.

అయినా నా మొగ్గు గ్రామసభ వైపే. నష్టం ఊరి మీద పడ్డా, అది ఎక్కడ పడిందో ఊరికి తెలుస్తుంది. ఏ కాంట్రాక్టరు ఎన్ని బస్తాలు తీసుకుపోయాడో, ఎంత బాకీ పెట్టాడో రాసిన పుస్తకం ఊళ్లోనే ఎవరింట్లోనో ఉంటుంది, ఎవరైనా పోయి చదివించుకోవచ్చు. పత్తి ఫెడరేషన్ ముప్పై ఏళ్లలో రైతుకు ఆ పుస్తకం చూపించలేదు. విత్తన కంపెనీ రుసుము లెక్క కమిషన్ దాకా పోతే గానీ బయటపడలేదు. సింగరేణి లాభంలో తన వాటా ఎందుకింతో ఓబీ డ్రైవర్‌కు చెప్పేవాళ్లు ఇప్పటికీ లేరు. గ్రామసభకు ప్రభుత్వం చేయాల్సింది వేలం తిరిగి తన చేతిలోకి లాక్కోవడం కాదు. ధర పడిన ఏడు పూడ్చే నిధి ఒకటి పెట్టాలి, ఒప్పందం చదివిపెట్టే మనిషిని తాలూకాకు ఒకరినైనా ఇవ్వాలి. అంతవరకు సీజన్ మొదట్లో వచ్చే కాంట్రాక్టరును గ్రామసభ ముందు అడగాల్సింది బస్తాకు ఎంతిస్తావని కాదు, బ్యాంకు గ్యారంటీ ఎంత పెడతావని.